కాంటా కాడ మనలో మనకు లొల్లి ఎందుకు?

యాసంగి వడ్లు కల్లాలకు వస్తున్నాయి. బచ్చన్నపేట మండలంలో కొనుగోలు కేంద్రాలకాడ ఏటా ఒకటే లొల్లి: సీరియల్ తప్పిందని, కాంటా ఆగిందని, లారీ రాలేదని. మబ్బు పట్టిందంటే రైతు హమాలీ మీద, హమాలీ కేంద్రం నడిపే మహిళా సంఘం అక్కల మీద పడుతున్నారు.

నిరుడు నేనూ ఒక హమాలీని అట్లనే తిట్టిన. ఆయన భుజం మీది 40 కిలోల బస్తా దించి, "అన్నా, లారీ నేను పంపేదా?" అన్నడు. నాకు జవాబు దొరకలేదు.

లారీ పంపాల్సింది కాంట్రాక్టరు. వడ్లు దించుకోవాల్సింది మిల్లు. రెండూ జరిగేటట్టు చూడాల్సింది అధికారులు. వాళ్లను అడగకుండా పక్కన చెమటోడ్చేటోనితో తగువు పెట్టుకుంటే, తరుగు తీసేటోనికే లాభం.

అందుకే ప్రతి కేంద్రంలో నాలుగు పనులు చేద్దాం. సీరియల్ నంబర్లు, హమాలీ రేటు బోర్డు మీద రాయించాలి. తేమ 17 శాతం లోపు ఉందా లేదా అన్నది రైతు కండ్ల ముందే చూడాలి. హమాలీలకు నీడ, మంచినీళ్లు ఉండాలి, కూలి ఆలస్యం కావద్దు. పొద్దుగూకినంక అందరం పావుగంట కూర్చొని రేపటి కాంటా సంగతి మాట్లాడుకోవాలి.

ఇట్లా ఒక్కమాట మీదుంటే, లారీ రాని రోజు తహసీల్ ఆఫీసుకు రైతు ఒక్కడే పోడు. హమాలీ, సంఘం అక్క కూడా వెంట నడుస్తరు.