ఎండలో పెట్టిన ఎర్రరాయి

మొన్నమొన్నటి మాటలా వుంది గాని, అది 2024 ఫిబ్రవరి. మా క్రోసూరులో మిరపకాయలు కళ్లాల్లో ఆరబోసే రోజులు. పెద్దవాళ్లంతా పనిలో వుండగా మా చెల్లెలి కొడుకు, ఎనిమిదేళ్లవాడు, వాళ్ల నాన్న ఎర్రతువ్వాలు మెడకు కట్టుకుని గొడ్లసావిడి కప్పు మీదినుంచి దూకాడు. కుడిచెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. కట్టు కట్టించి యింటికి తీసుకొచ్చాక, యేడుపు ఆపుకుని వాడు నన్నడిగిన మొదటి మాట యిది: "మామయ్యా, రాయిని పొద్దుటినుంచీ ఎండలోనే వుంచానుగా! ఎందుకు పని చెయ్యలేదు?"

పాఠకులకు సంగతి చెప్పాలి. సంక్రాంతి సెలవుల్లో వాణ్ణి 'హను-మాన్' సినిమాకు తీసుకుపోయినవాణ్ణి నేనే. అందులో అంజనాద్రి అనే కల్పిత గ్రామంలో హనుమంతు అనే కుర్రవాడికి ఒక మణి దొరుకుతుంది. దాని మహిమ పగటి వెలుగులోనే పనిచేస్తుంది. మావాడు నియమం తప్పలేదు. ఎక్కడో యేరుకొచ్చిన ఎర్రరాయిని శ్రద్ధగా ఎండబెట్టాడు, మనం మిరపకాయలు ఎండబెట్టినట్టే.

మా చెల్లెలు వూరుకుంటుందా? "అదంతా వుత్తిదని ముందే చెప్పకూడదూ అన్నయ్యా! వూళ్లో పిల్లలందరికీ పాఠాలు చెబుతావు," అంది. నేను తలవంచుకున్నాను. అయితే ఆ రాత్రి నిద్రపట్టక ఆలోచిస్తే, "వుత్తిది" అన్న మాట దగ్గరే ఆగిపోయాను. యేది వుత్తిది?

ఈ రోజుల్లో యిలాంటి చిత్రాలు చూసి వచ్చేవాళ్లు రెండు జట్లు. మనిషి గాలిలో యెలా యెగిరాడో కారణం చూపించాలంటుంది ఒక జట్టు. కథకు కారణాలేమిటి, చూసి ఆనందించక, అంటుంది రెండోది. అమెరికాలో 2005లో వచ్చిన 'బ్యాట్‌మన్ బిగిన్స్' మొదటి జట్టు మనసెరిగి తీసిన బొమ్మ. కథానాయకుడి అంగీ, బండి, పరికరాలు అన్నీ యే కార్ఖానాలో యెందుకు తయారయ్యాయో లెక్క అప్పజెబుతుంది. మనవాళ్లకు ఆ లెక్క యెన్నడూ పట్టలేదు. 1980లో యన్.టి. రామారావుగారు 'సూపర్‌మేన్' వేషం కడితే శక్తి ఆంజనేయస్వామి యిచ్చాడు. 2024లోనూ ఆయనే యిచ్చాడు. దాతను మార్చవలసిన అవసరం మనకు కలగలేదు.

1957లో కె.వి. రెడ్డిగారు తీసిన 'మాయాబజార్'నే చూడండి. ఘటోత్కచుడు ఒక్కడూ కూర్చుని పెళ్లివారి వంటకాలన్నీ ఖాళీ చేస్తాడు. మార్కస్ బార్ట్లే కెమెరా ముందు లడ్లు వాటంతటవే నోట్లోకి యెగిరి వస్తాయి. అదెలాగని మా తాతల కాలంనుంచి యెవరూ తగువు పెట్టుకోలేదు. ఎందుకని? ఆ మాయ చుట్టూ వున్న యిల్లు నిజమైనది గనుక. పాండవులు రాజ్యం పోగొట్టుకోగానే రేవతీదేవి, యిస్తామన్న పిల్లను యివ్వనని మొహం చాటేస్తుంది. ఆస్తి పోయినవాడికి వియ్యం తప్పిపోవడం పల్నాట్లో యెవరికి తెలియదు? బంధువుల నడత నిజమైతే లడ్డు యెగిరినా నమ్ముతాం. బంధువుల నడత అబద్ధమైతే, లడ్డు పళ్లెంలో కదలకుండా వున్నా నమ్మబుద్ధి కాదు.

అన్నట్టు మన పల్నాటి వీరుల సంగతి యేమిటి? పన్నెండో శతాబ్దపు యుద్ధం అది. కారంపూడిలో కార్తీక అమావాస్యకు యిప్పటికీ వాళ్లకు వుత్సవం జరుగుతుంది, వాళ్ల ఆయుధాలకు పూజ జరుగుతుంది. బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలంలో యింకా తపస్సులోనే వున్నాడని నమ్మేవాళ్లున్నారు. మహిమలకు మన కథలోనూ కొదువ లేదు. కాని కోడిపందెంలో ఓడినవాళ్లు మాటకు కట్టుబడి వూరు విడిచి వెళ్లారు. బాలచంద్రుడు యుద్ధానికి వెళ్లి తిరిగి రాలేదు. మనం దండం పెట్టేది యెగిరినవాళ్లకు కాదు, పడిపోయినవాళ్లకు.

ఆ కొలబద్దతో 'హను-మాన్'ను మళ్లీ తలుచుకున్నాను. హనుమంతుకు మణి యెప్పుడు దొరికింది? మీనాక్షిని బందిపోట్లనుంచి కాపాడబోయి, చేతకాక దెబ్బలు తిని, నీళ్లలో పడ్డాకనే. ముందు సాహసం, తరువాత మణి. ఆ మణి వుండి కూడా కన్నతల్లిలా పెంచిన అక్కను కాపాడుకోలేకపోయాడు. ఇక ప్రతినాయకుడు మైకేల్! వాడికి చిన్నప్పటినుంచీ మహావీరుణ్ణి కావాలని పిచ్చి. కథల్లో మహావీరులకు తల్లిదండ్రులుండరని కనిపెట్టి, తన తల్లిదండ్రులనే మంటల పాలు చేశాడు. కథలోని సరంజామా పట్టుకుని సారం వదిలేసినవాడు వాడు. ఆ మాట అనుకోగానే నాకు గుండె ఝల్లుమంది. మా తువ్వాలు, మా ఎర్రరాయి మాత్రం సరంజామా కాదూ?

మర్నాడు వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని యిదంతా వాడికి తెలిసే మాటల్లో చెప్పాను. మణి లేనప్పుడే హనుమంతు యింకొకరి కోసం వెళ్లాడు, వీరత్వం అక్కడుందిరా అన్నాను. తరగతిలో కూడా అంత బాగా యెన్నడూ చెప్పలేదేమో ననుకుని లోలోపల మెచ్చుకున్నాను. వాడు కట్టు కట్టిన చెయ్యి వొళ్లో పెట్టుకుని శ్రద్ధగా విన్నాడు. విని అడిగాడు:

"అయితే మామయ్యా, యెవరైనా ఆపదలో వున్నప్పుడు దూకితే పని చేస్తుందా?"

తలుపు దగ్గర మా చెల్లెలు నావంక చూసిన చూపు యిప్పటికీ మరచిపోలేదు. నా తెలుగు యెమ్మే చదువంతా పక్కకు నెట్టి, "లేదు నాయనా. రాయి రాయే. మనుషులు యెగరరు. కప్పు మీదినుంచి దూకితే చెయ్యి విరుగుతుంది," అన్నాను.

వాడు కాసేపు ఆలోచించి, "మరి యీ సంగతి సినిమాకు ముందే చెప్పలేదేం?" అన్నాడు.

సినిమాలు యిప్పటికీ చూస్తున్నాం, యిద్దరం కలిసే. కాకపోతే టిక్కెట్లు కొనకముందే ఆ రెండు మాటలూ చెప్పేస్తున్నాను. వాడు "తెలుసులే మామయ్యా" అంటాడు. లోపలికి వెళ్లాక మాత్రం నాకంటే ముందుగా కళ్లు పెద్దవి చేసుకుంటాడు.