పురుగును మేపుతున్నది మందే

పరకాలలో ఓ పురుగుమందుల దుకాణం. పత్తి మోకాలెత్తు పెరిగిన రోజులు. మొగుళ్లపల్లి దిక్కు నుంచి వచ్చిన ఒక రైతు చొక్కా జేబులోంచి ఆకు తీసి బల్ల మీద పెట్టాడు. అంచులు ముడుచుకుని ఎర్రబారిన పత్తాకు. కౌంటర్లో ఉన్న పిల్లగాడు దాన్ని తిప్పి కూడా చూడలేదు. రెండు డబ్బాలు తీసి ముందర పెట్టి, "ఈ రెండు కలిపి కొట్టు కాకా, తెల్లారెవరకు ఒక్క పురుగు గూడ ఉండది" అన్నాడు. పైసలు అడగలేదు, ఖాతాలో రాసుకున్నాడు. ఉద్దెర కదా, పత్తి అమ్మినప్పుడు పట్టుకుంటాడు.

పిల్లగాడు అబద్ధమాడలేదు. తెల్లారేసరికి ఆ చేనులో నిజంగానే ఒక్క పురుగు ఉండదు. నా గొడవంతా ఆ 'ఒక్క పురుగు' అన్న మాటతోనే.

పురుగు పగవాడు, మందు ఆయుధం, పగవాడు ముదిరితే ఆయుధం ముదరాలి. దుకాణంలో ఇదే మాట, గోడల మీది ప్రకటనల్లో ఇదే మాట, రచ్చబండ మీదా ఇదే మాట. దీన్ని కాదన్నవాణ్ణి పట్నంలో కూర్చుని ముచ్చట్లు చెప్పేవాడిగా చూస్తారు. అయినా కాదంటున్నాను. వరంగల్ నేలల్లో గత ముప్పై ఏళ్లుగా పత్తిని, మిర్చిని ముంచిన పురుగుల్లో చాలావాటిని పెంచి పెద్ద చేసింది మనం కొట్టిన మందే.

ముందుగా ఆ రైతు తెచ్చిన ఆకు దగ్గరికే వెళ్దాం. అది పచ్చదోమ పని. ఆకు అడుగున చేరి రసం పీలుస్తుంది. అదే ఆకు మీద పేనుబంక ఉంటుంది, దాన్ని తినడానికి అక్షింతల పురుగు వస్తుంది. ఆ పురుగు పిల్ల నల్లగా, ముళ్లముళ్లుగా, చిన్న మొసలిలా ఉంటుంది. పేనుబంకను పెద్ద పురుగు కంటే ఎక్కువగా తినేది అదే. పాపం, దాన్ని చూసి 'ఇదేదో కొత్త పురుగొచ్చింది' అని అదనంగా ఇంకో పంపు కొట్టినవాళ్లను నేనెరుగుదును. పక్క కొమ్మకు సన్నని దారం చివర వేలాడే తెల్లటి గుడ్లు క్రైసోపా అనే మరో మిత్రపురుగువి. ఆకు మడతలో సాలీడు ఉంటుంది. కంటికి ఆననంత చిన్న కందిరీగ ఒకటుంది, ట్రైకోగ్రామా. ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. కాయతొలుచు పురుగు గుడ్డును వెతికి పట్టుకుని అందులో తన గుడ్డు పెడుతుంది. పురుగు పుట్టాల్సిన చోట కందిరీగ పుడుతుంది. చేనులో పాతిన పంగల కర్ర మీద కూర్చునే నల్ల పిట్ట, కరెంటు తీగ మీది పాలపిట్ట పైనుంచి కాపు కాస్తుంటాయి. ఎకరం పత్తి అంటే ఒక ఊరు. అందులో దొంగలుంటారు, కావలివాళ్లూ ఉంటారు, ఎటూ కాని జనం అంతకంటే ఎక్కువ మంది ఉంటారు. మందు చల్లితే ఊరు మొత్తం పోతుంది.

ఆ తర్వాత ఎవరు ముందు తిరిగొస్తారన్నదే అసలు ప్రశ్న. శనగపచ్చ పురుగు తల్లి రెక్కలపురుగు వెయ్యి దాకా గుడ్లు పెట్టగలదు. నెల తిరక్కుండా కొత్త తరం తయారు. దాన్ని తినేవాటిలో చాలావాటికి అంత సంతానం ఉండదు. పైగా తినడానికి పురుగు దొరికితేనే అవి నిలబడతాయి, అంటే ఎప్పుడూ వెనకబడే వస్తాయి. ఆకులు తినే పురుగుకు ఇంకో వాటం కూడా ఉంది. మొక్కలు తమను కాపాడుకోవడానికి ఆకుల్లో దాచుకున్న విషాలను జీర్ణం చేసుకోవడం దానికి తాతముత్తాతల నాటి విద్య. కొత్త విషం దానికి ఇంకో పాఠం, అంతే. కావలివాడికి ఆ చదువు తక్కువ.

ఈ సంగతిని లెక్క కట్టి చెప్పినవాడికి పత్తితో పనేమీ లేదు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో అడ్రియాటిక్ సముద్రంలో చేపల వేట బాగా తగ్గిపోయింది. తర్వాత ఉంబెర్తో దాంకోనా అనే ఇటలీ జీవశాస్త్రజ్ఞుడు రేవుల్లోని సంతల లెక్కలు తిరగేస్తే, వేట తగ్గిన ఏళ్లలో సొరచేపల్లాంటి వేటాడే చేపల వాటా పెరిగినట్టు తేలింది. ఇదేమిటని తన మామ వీటో వోల్టెరాను అడిగాడు. ఆయన గణిత పండితుడు. 1926లో సమీకరణాలు వేసి జవాబిచ్చాడు: తినేదాన్నీ తినబడేదాన్నీ ఒకే పాళ్లలో పట్టేస్తూ పోతే, సగటున తినేది తగ్గుతుంది, తినబడేది పెరుగుతుంది. వల అన్నచోట పంపు అని పెట్టి చదువుకోండి.

మన దగ్గర ఆ లెక్క నెత్తుటితో రుజువైంది. 1980ల మొదట్లో సింథటిక్ పైరిత్రాయిడ్లు వచ్చాయి. కొట్టిన వెంటనే పురుగు రాలేది, కోస్తా పత్తి రైతులు సంబరపడ్డారు. ఆ దశాబ్దం మధ్యకల్లా గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తెల్లదోమ కమ్మేసింది. అంతకుముందు దాన్ని లెక్కలోకి తీసుకున్నవాళ్లే లేరు. 1987-88లో శనగపచ్చ పురుగు ఆ మందుకు చావడం మానేసింది. ప్రకాశంలో పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. పదేళ్లకు అదే కథ మన ఊళ్లకొచ్చింది. 1997-98లో వరంగల్ జిల్లాలో పొగాకు లద్దెపురుగు, శనగపచ్చ పురుగు కలిసి చేలను ఊడ్చేశాయి. మొగుళ్లపల్లి అప్పటికి ఆ జిల్లాలోనే ఉంది. ఏ మందు కొట్టినా పురుగు చావలేదు. చివరికి ఆ మందే రైతు గొంతులో పడింది. ఆ ఏడు పత్రికలు 'కల్తీ మందు' అని రాశాయి. కల్తీ ఉండే ఉంటుంది, కాదనను. అయితే కల్తీ లేని మందు కూడా అప్పటికి పనిచేయడం లేదన్నది ఎవరికీ నచ్చని నిజం.

ఇక్కడ నన్ను ఆపేవాళ్లుంటారు. "బీటీ వచ్చింది గదా, అది మిత్రపురుగుల్ని చంపదు గదా, మరి దానికేమంటావ్?" సరైన ప్రశ్న. కాయపురుగును చంపే విషాన్ని మొక్కే తయారుచేసుకునే బీటీ పత్తికి 2002 మార్చిలో అనుమతి వచ్చింది. కాయపురుగు మందులు మొదటి కొన్నేళ్లు తగ్గిన మాట నిజం. చైనాలో మందు తగ్గిన పత్తి చేలల్లో అక్షింతల పురుగులు, సాలీళ్లు పెరిగి పేనుబంక తగ్గిందని అక్కడి శాస్త్రజ్ఞులు 2012లో ప్రకటించారు. అది నా వాదానికే బలం. మన దగ్గర ఏమైంది? బీటీని హైబ్రిడ్లలో మాత్రమే అమ్మారు. ఆ హైబ్రిడ్లలో చాలావాటికి పచ్చదోమను తట్టుకునే శక్తి లేదు. కాయపురుగు మందు ఆగింది, దోమ మందు మొదలైంది. నాగపూర్ పత్తి పరిశోధన సంస్థకు డైరెక్టర్‌గా చేసిన కేశవ్ క్రాంతి, వరంగల్ పల్లెల్లో ఏళ్లతరబడి తిరిగిన గ్లెన్ స్టోన్ అనే అమెరికా మానవశాస్త్రజ్ఞుడు కలిసి 2020లో ఒక వ్యాసం ప్రచురించారు. బీటీ రాకముందుకంటే ఇప్పుడే మన పత్తి రైతు పురుగుమందుల మీద ఎక్కువ ఖర్చు పెడుతున్నాడని అందులో తేల్చారు.

ఇక గులాబీ పురుగు. బీటీ విత్తనం ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల నాన్‌బీటీ గింజలు ఇచ్చేవారు, గుర్తుందా? చేను చుట్టూ వేయమని. అందులో పుట్టిన పురుగుకు బీటీ విషం తెలియదు. విషాన్ని తట్టుకున్న పురుగుతో ఇది జత కడితే పిల్లలు బీటీకి చస్తాయని లెక్క. లెక్క మంచిదే. కానీ రెండెకరాల కౌలురైతును పురుగు కోసం కొంత చేను వదలమంటే ఎట్లా వదులుతాడు? ప్యాకెట్లు గట్ల మీద పారేశారు. 2009లో గుజరాత్‌లో గులాబీ పురుగు తొలితరం బీటీని తట్టుకుంది. 2006లో వచ్చిన రెండో రకం, బోల్‌గార్డ్-2, కూడా 2015 నాటికి దాని ముందు ఓడింది. 2017లో తెలంగాణ, మహారాష్ట్రల్లో గుడ్డిపూలు, పుచ్చుకాయలే మిగిలాయి. ఆ ఏడే యవత్మాల్‌లో మందు పిచికారీ చేస్తూ 20 మందికి పైగా చనిపోయారు. ఇంతా చేస్తే గులాబీ పురుగు కాయ లోపల గింజలో కూర్చుంటుంది. పైనుంచి కొట్టిన మందు దాన్ని తాకనే తాకదు. తాకేది కాయ బయట తిరిగే సాలీడును, కందిరీగను, పంపు మోసే మనిషిని.

గులాబీ పురుగును దెబ్బతీసే పని మందు డబ్బాలో లేదు. పత్తిని డిసెంబరు, జనవరి నాటికి తీసేయాలి, చివరి కాయల మీద గొర్రెల్ని మేపాలి, పత్తి కట్టెను ఎండాకాలం దాకా పెరట్లో మోపులుగా పేర్చకూడదు. గులాబీ పురుగుకు పత్తి తప్ప చెప్పుకోదగ్గ తిండి లేదు. నాలుగు నెలలు పత్తి కనిపించకపోతే దానికి కరువే. ఇదంతా ప్రభుత్వ కరపత్రాల్లో ఉన్నదే. కాకపోతే కరపత్రాన్ని ఉద్దెరకిచ్చేవాడు లేడు.

పత్తి పోతే మిర్చి ఉందనుకున్నాం. 2021 చివర్లో నల్ల తామరపురుగు దిగింది. ఆగ్నేయాసియా నుంచి వచ్చి 2015లో బెంగళూరులో బొప్పాయి మీద కనబడ్డ పురుగు. మిర్చి పూలల్లో దూరి కూర్చుంది. మహబూబాబాద్, భూపాలపల్లి, ఖమ్మం చేలల్లో రైతులు రోజు విడిచి రోజు మందు కొట్టారు, ఆ తర్వాత తోటల్నే పీకేశారు, మహబూబాబాద్ చుట్టుపక్కల ఉరితాళ్లు కనిపించాయి. ఈ పురుగు మాత్రం బయటిదే, మందు పుట్టించింది కాదు, ఒప్పుకుంటాను. కానీ బయటినుంచి వచ్చినవాడికి ఇల్లు ఖాళీ చేసి అప్పగించిందెవరు? పిండినల్లి కూడా బయటిదే, అమెరికా ఖండం నుంచి వచ్చి 2006 తర్వాత దేశమంతా పత్తిని పట్టింది. రెండు మూడేళ్లకు అది తగ్గుముఖం పట్టింది. దాన్ని అణచడంలో పెద్ద పాత్ర ఏనాసియస్ అనే చిన్న కందిరీగది. మొదట్లో దాన్ని ఎవరూ తెచ్చి వదలలేదు, అదే వచ్చింది. దానికి బిల్లు లేదు కాబట్టి ఆ విజయం గురించి గోడ మీద ఎవరూ రాయలేదు.

"రైతే విచ్చలవిడిగా కొడుతున్నాడు" అని తప్పంతా రైతు మీదికి నెట్టే ఇంకో మాట ఉంది, వ్యవసాయ సదస్సుల్లో బాగా వినిపిస్తుంది. అది ఇంకా అన్యాయం. అప్పిచ్చేవాడు, విత్తనమిచ్చేవాడు, రోగం చెప్పేవాడు, మందిచ్చేవాడు ఒక్కడే అయినప్పుడు రైతుకు వేరే మాట వినబడేదెక్కడ? ఐదు వేల ఎకరాలకు ఒక వ్యవసాయ విస్తరణాధికారిని (ఏఈఓ) వేసి, ఆయన చేత పంటల నమోదు దగ్గర్నుంచి అన్ని రాతకోతలూ చేయిస్తున్నాం. ఆకు తిప్పి చూసే తీరిక ఆయనకు ఎక్కడిది?

మందు లేకపోతే దేశం పస్తులుంటుందని కూడా భయపెడతారు. ఇండొనేషియాలో వరికి సుడిదోమ తగిలితే ఇట్లాగే భయపడి సబ్సిడీ మీద మందులు పంచారు, దోమ ఇంకా పెరిగింది. 1986లో అక్కడి అధ్యక్షుడు వరి మీద 57 మందుల్ని ఒక్క ఉత్తర్వుతో నిషేధించాడు. సాలీళ్లు తిరిగొచ్చాయి. ధాన్యం తగ్గలేదు, పెరిగింది. అంత దూరం ఎందుకు, జనగామ జిల్లా లింగాలఘనపురం మండలంలో ఏనెబావి ఉంది. సుమారు యాభై కుటుంబాల ఊరు. ఎర్ర గొంగళిపురుగుతో వేగలేక, తొలకరి పడగానే నేలలోంచి లేచే రెక్కలపురుగుల్ని ఊరంతా కలిసి మంటలు వేసి పట్టడంతో మొదలుపెట్టారు. 2006 నాటికి మాకు రసాయనాలే వద్దని ఊరి ముందు బోర్డు పెట్టారు. అప్పటి ఖమ్మం జిల్లాలోని పునుకుల అంతకంటే మూడేళ్ల ముందే పురుగుమందు మానింది. ఈ ఊళ్లలో అద్భుతాలేమీ జరగలేదు. ఒకరి చేను పక్కన ఇంకొకరు మందు కొడితే మిత్రపురుగు నిలవదు కాబట్టి, అందరూ కలిసి మానారు. కష్టమంతా ఆ 'అందరూ' దగ్గరే ఉంది. సబ్సిడీ ఇవ్వాల్సింది దానికి.

ఇప్పుడు 'బీజీ-3' అని చాటుగా అమ్ముతున్న దొంగ విత్తనం వచ్చింది. గడ్డిమందు చల్లినా పత్తి చావదు, మిగతావన్నీ చస్తాయి. ఆ 'మిగతావన్నీ'లో గునుగు ఉంది. గట్టు మీది తీగలు, పూలు ఉన్నాయి, అంటే కందిరీగ తాగే తేనె, సాలీడు దాగే నీడ. మా చిన్నప్పుడు ఎంగిలిపూల బతుకమ్మకు గునుగు కోసుకొస్తే చేను గలాయన 'ఇంకిన్ని పీక్కపోర్రి' అనేవాడు. ఇప్పుడు అంగట్లో కట్ట కొనుక్కొస్తున్నారు. పూలే కాదు, పిట్టలూ అంతే. దసరాకు చూడాల్సిన పాలపిట్ట మన రాష్ట్ర పక్షి. దేశంలో 30 శాతం, అంతకుమించి తగ్గిన పక్షుల్లో దాన్ని 2023 నాటి దేశవ్యాప్త పక్షుల నివేదిక చేర్చింది.

రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ ఎప్పటినుంచో ఒక లెక్క చెబుతోంది: రెండు శత్రుపురుగులకు ఒక మిత్రపురుగు కనిపిస్తే మందు అక్కర్లేదు. ఈ లెక్క ప్రతి రైతు వేదిక గోడ మీద వారం వారం రాయాలి. మన ఊరి చేలల్లో ఇన్ని దోమలు, ఇన్ని సాలీళ్లు, ఇన్ని అక్షింతల పురుగులు అని. చేను గల అన్నలకు, అక్కలకు ఒక్కటే మనవి. ఈసారి మందుల దుకాణానికి ఆకు తీసుకుపోయే ముందు, పొద్దెక్కకముందే చేనులో పది చోట్ల ఆగి ఆకులు తిప్పి చూడండి. రెండు వరుసలుగా లెక్క రాసుకోండి. ఆ కాగితం లేకుండా ఎవడైనా డబ్బా చేతికిస్తే వాపసు ఇచ్చేయండి.