ముఖం కావాలా, మసక కావాలా?

రేంజ్‌ఫైండర్ కెమెరాకు పోర్ట్రెయిట్ లెన్సు ఏది కొనాలని ఎవరైనా అడిగితే చాలు, సలహాదారులందరూ ఒక్క గొంతుతో ఒక అంకె చెబుతారు. ఆ అంకె లెన్సు పొడవుది కాదు, మనిషికి ఎంత దూరంలో నిలబడాలో చెప్పేదీ కాదు. అది అపర్చరు అంకె. ఎఫ్ 2 అయితే మంచిది, ఎఫ్ 1.4 అయితే మరీ మంచిది, ఎఫ్ 1.25 కొనే తాహతు ఉంటే ఇక చెప్పేదేముంది! వెనకాల ఉన్నదంతా వెన్నలా కరిగిపోవాలట. కరగకపోతే అది పోర్ట్రెయిటే కాదట.

ఈ సిద్ధాంతాన్ని నేను ఒప్పుకోను. రేంజ్‌ఫైండర్ అనే యంత్రానికి ఇది సరిపడదు. అంతకంటే ముఖ్యంగా, ఎవరి బొమ్మ తీస్తున్నామో ఆ మనిషికి ఇది న్యాయం చెయ్యదు. ఈ రెండు మాటలనూ వరుసగా నిరూపించడానికే ఈ వ్యాసం.

ముందుగా ఈ కెమెరా సంగతి తెలియనివారి కోసం కొంత వివరణ. ఎస్సెల్లార్ కెమెరాలో మనం చూసేది లెన్సులోంచే. రేంజ్‌ఫైండర్‌లో చూసేది లెన్సుకు పైన, పక్కగా ఉన్న వేరే కిటికీలోంచి. దానికి కొంత దూరంలో మరో చిన్న కిటికీ ఉంటుంది. రెండింటి నుంచి వచ్చే బొమ్మలు వ్యూఫైండరు నడుమ ఒక చిన్న చదరంలో ఒకదానిమీద ఒకటి పడతాయి. లెన్సు తిప్పుతూ పోతే రెండో బొమ్మ జరుగుతుంది. రెండూ కలిసి ఒకటైన చోట ఫోకసు కుదిరినట్టు. మన రెండు కళ్ళు దూరాన్ని అంచనా కట్టే పద్ధతి కూడా ఇంచుమించు ఇదే.

ఈ ఏర్పాటు వల్ల కలిగే ఫలితాలు మూడు. ఒకటి, మనం తీయబోయే భాగం చుట్టూ సన్నటి గీతలు కనబడతాయి. ఆ గీతల బయట జరిగేది కూడా కనబడుతుంది. రెండు, మీట నొక్కిన క్షణంలో అద్దం లేచి చూపును కప్పెయ్యదు. ఎదుటి మనిషి కంట్లో మెరిసిన మెరుపును ఆ క్షణంలోనే చూడగలం. మూడు, కిటికీలోంచి చూస్తాం గనుక దగ్గరిదీ దూరపుదీ అంతా స్పష్టంగానే కనబడుతుంది. అంటే ఈ కెమెరాలో మసక అనేది కంటికి ఆనదు. గోడా, గుమ్మమూ, గుమ్మంలో నిలబడ్డ పిల్లా, అన్నీ చూసుకుని, అన్నింటినీ లెక్కలోకి తీసుకుని బొమ్మను కూర్చుకుంటాం. అలా కూర్చుకున్న దానినంతా ఎఫ్ 1.4 పెట్టి తుడిచెయ్యడానికి వేలూ లక్షలూ పొయ్యడమేమిటి? ముగ్గు వేసినంత సేపూ వేసి, దానిమీదే కళ్ళాపి చల్లుకున్నట్టు లేదూ?

ఇక లెన్సు పొడవు సంగతి. టెలి లెన్సు ముఖాన్ని చదును చేసి అందంగా చూపిస్తుందని ఒక మాట ప్రచారంలో ఉంది. లెన్సు అలాంటి పనేదీ చెయ్యదు. ముఖం ఆకారం ఎలా పడాలో నిర్ణయించేది దూరం ఒక్కటే. 35 మి.మీ. ఫిల్ము మీద తలా భుజాలూ నిండుగా రావాలంటే 50 మి.మీ. లెన్సుతో సుమారు 85 సెం.మీ. దగ్గరకు పోవాలి. 90 మి.మీ. లెన్సుతో అయితే మీటరున్నర దూరంలో నిలబడవచ్చు. ముక్కు కొసకూ చెవికీ మధ్య 12 సెం.మీ. ఉందనుకుందాం. 85 సెం.మీ. నుంచి తీస్తే ముక్కు, చెవితో పోల్చినప్పుడు, ఉండవలసిన దానికన్నా 14 శాతం పెద్దదిగా పడుతుంది. మీటరున్నర నుంచి తీస్తే 8 శాతమే. పైగా మీటరున్నర అనేది ఇద్దరు మనుషులు కూర్చుని మాట్లాడుకునే దూరం. అంతకంటే దగ్గరకు పోతే ఎదుటివారు బిగుసుకుపోతారు. అందుకని 75 నుంచి 90 దాకా ఉన్న లెన్సులు ముఖాలకు తగినవన్న మాట నిజమే. దానికి కారణం మాత్రం మర్యాద పాటించే దూరమే గాని, గాజులో దాగిన మహిమ కాదు.

ఇప్పుడు యంత్రం వైపు లెక్క చూద్దాం. రెండు కిటికీల మధ్య దూరాన్ని, వ్యూఫైండరు బొమ్మను ఎంత చిన్నది చేసి చూపిస్తుందో ఆ నిష్పత్తితో గుణిస్తే, ఆ కెమెరా దూరాన్ని ఎంత నిక్కచ్చిగా కొలవగలదో తెలుస్తుంది. 1954లో వచ్చిన లైకా ఎం3లో ఇది సుమారు 62 మి.మీ. నిష్పత్తి 0.72 ఉన్న ఎం6 వంటి వాటిలో సుమారు 50. కొసీనావారి బెస్సా ఆర్2లో 25. 1973 నాటి లైకా సీఎల్‌లో దాదాపు 19. అన్నింటినీ రేంజ్‌ఫైండర్లనే పిలుస్తాం గాని, ఒకదాని చూపుకూ మరొకదాని చూపుకూ మూడు రెట్ల తేడా ఉంది.

లెన్సు వైపు లెక్క కూడా కష్టమైనదేమీ కాదు. లెన్సు పొడవును దానితోనే గుణించి, అపర్చరు అంకెతో భాగించాలి. వచ్చే సంఖ్య ఎంత పెద్దదైతే ఆ లెన్సు కెమెరాను అంత కఠినంగా పరీక్షిస్తుంది. 50 మి.మీ. ఎఫ్ 1.4కు ఇది 1786. 90 ఎఫ్ 4కు 2025. 75 ఎఫ్ 2.5కు 2250. 90 ఎఫ్ 2.8కు 2893. ఇక్కడిదాకా మెట్లు మెల్లగా ఎక్కాం. ఆ తర్వాతది ఒక్క దూకు: 75 ఎఫ్ 1.4కు 4018, 90 ఎఫ్ 2కు 4050. లైకావారు 2017లో ప్రకటించిన 75 ఎఫ్ 1.25 నాక్టిలక్స్‌కు 4500. విడుదలనాడు దాని ధర 12 వేల డాలర్ల పైమాట. 135 మి.మీ. ఎఫ్ 4 లెన్సుకు ఈ సంఖ్య 4556. 135ను ఫోకసు చెయ్యడం కష్టమని గోలపెట్టే పెద్దలే, దాదాపు అంతే కష్టమైన 75 ఎఫ్ 1.25ను ఇంద్రుడు చంద్రుడు అని పొగుడుతున్నారు!

కెమెరా తయారుచేసినవారికి ఈ లెక్క తెలియకపోలేదు. సీఎల్ చూపు చిన్నదని తెలిసే, దాని కోసం తయారుచేసిన 90 మి.మీ. ఎల్మార్-సీ లెన్సును ఎఫ్ 4 దగ్గర ఆపారు. 1963లో 135 ఎఫ్ 2.8 ఎల్మారిట్ తెచ్చినప్పుడు, బొమ్మను ఒకటిన్నర రెట్లు పెద్దది చేసే కళ్ళజోడు ఒకటి ఆ లెన్సుకే తగిలించారు. కెమెరా చూపు చాలదని తయారీదారే కళ్ళద్దాలు పెట్టాడన్నమాట. అంతకు ముందు జైస్‌వారు 1932లో తొలి కాంటాక్స్‌ను తెచ్చినప్పుడు రెండు కిటికీలను సుమారు 10 సెం.మీ. దూరంలో పెట్టారు. లుడ్విగ్ బెర్టెలె రూపొందించిన 85 మి.మీ. ఎఫ్ 2 సోనార్ దాని తర్వాతే వచ్చింది. ముందు చూపు, తర్వాత వెలుగు. మన సలహాదారులు ఈ వరుసను తలకిందులు చేశారు.

ఫోకసు ఎంత మేర నిలుస్తుందో కూడా చూడండి. మీటరు దూరంలో 75 ఎఫ్ 1.4తో తీస్తే స్పష్టంగా పడేది 14 మి.మీ. మందం మాత్రమే. ముఖం కాస్త పక్కకు తిరిగి ఉంటే ఒక కన్ను స్పష్టంగా పడి, రెండోది పొగమంచులో కలుస్తుంది. తీసేవాడూ మనిషే, కూర్చున్నవాడూ మనిషే. ఇద్దరూ ఊపిరి పీలుస్తారు. ఆ ఊగులాటకే 14 మి.మీ. సరి. మీటరున్నర దూరంలో 90 ఎఫ్ 2కు 3 సెం.మీ., ఎఫ్ 2.8కు 4 సెం.మీ. పైచిలుకు, ఎఫ్ 4కు 6 సెం.మీ. దక్కుతాయి. ఆరు సెంటీమీటర్లంటే ముక్కు కొస నుంచి కణతల దరిదాపుల వరకు ముఖం ముఖంగా ఉంటుంది.

85 మి.మీ. లెన్సుకు ప్రపంచఖ్యాతి ఎలా వచ్చిందో ఈ సందర్భంలో గుర్తుచేసుకోవాలి. 1950లో తోక్యోలో జున్ మికీ అనే జపాను ఛాయాగ్రాహకుడు, లైఫ్ పత్రిక ఛాయాగ్రాహకుడు డేవిడ్ డగ్లస్ డంకన్‌ను 85 మి.మీ. ఎఫ్ 2 నిక్కోర్ లెన్సుతో ఫొటో తీశాడు. ఆ ప్రింటు చూసి డంకన్ నివ్వెరపోయి, లెన్సు తయారుచేసిన నిప్పాన్ కొగాకు కర్మాగారానికి వెళ్ళి, తన లైకాలకు ఆ లెన్సులు తగిలించుకుని కొరియా యుద్ధానికి పోయాడు. అతన్ని ఆకట్టుకున్నది ఏమిటి? వెనకాల కరిగిన మసకా? కాదు, ముఖంలోని స్పష్టత. నికాన్ పేరు ప్రపంచానికి తెలిసింది ఆ స్పష్టత వల్లనే.

మెత్తదనమే కావాలనుకుంటే దానికీ ఒక సంప్రదాయం ఉంది. 1935లో లైకావారు థాంబార్ అని 90 మి.మీ. ఎఫ్ 2.2 లెన్సు తెచ్చారు. అది ముఖం మీదనే వెలుగు పొర కప్పుతుంది. తెలిసి చేసిన మెత్తదనం అది. దాన్ని ఎవరైనా ఇష్టపడితే నాకు పేచీ లేదు. ముఖాన్ని రంపపు కోతలా చూపిస్తూ, చుట్టూ ఉన్న లోకాన్ని మాత్రం నురగ చేసి పారేసే ఇప్పటి ఫ్యాషనుకు థాంబార్‌ను సాక్షిగా పిలవడం చెల్లదు.

ప్రతివాదుల మాటలు కూడా వినాలి. తక్కువ వెలుగులో పెద్ద అపర్చరు అక్కర్లేదా అంటారు. అక్కరే. ఎఫ్ 1.4కూ ఎఫ్ 2.8కూ నాలుగు రెట్ల వెలుగు తేడా ఉంది. 400 వేగం ఫిల్ము ఒక్కటే దిక్కైన రోజుల్లో అది పెద్ద తేడా. నేటి డిజిటల్ సెన్సర్లు 3200 వేగాన్ని అవలీలగా మోస్తున్నాయి. పైగా కూర్చున్న మనిషి గుర్రంలా పరుగెత్తడు.

ఎఫ్ 1.4 కొని ఎఫ్ 4 దగ్గర వాడుకోవచ్చు గదా అని మరో మాట. వాడుకోవచ్చు. అయితే ఆ బరువు మెడకు తప్పదు, ఆ లావు గొట్టం వ్యూఫైండరులో ఒక మూలను మూసెయ్యక తప్పదు. సోనార్ వంశంలోని కొన్ని లెన్సులలో అపర్చరు మూస్తున్నకొద్దీ ఫోకసు స్థానం జరుగుతుంది. ఆ సంగతి కిటికీలోంచి చూసేవాడికి తెలియనే తెలియదు.

2013 నుంచి లైకా డిజిటల్ ఎం కెమెరాలలో తెర మీద చూసి ఫోకసు చేసే సదుపాయం వచ్చింది గదా అన్నది మూడో మాట. నిజమే. కాని తెర చూస్తూ కూర్చునేవాడు రేంజ్‌ఫైండర్ కొన్నదెందుకు? ఆ పనికి అంతకంటే మంచి కెమెరాలు, అంతకంటే చవకగా ఉన్నాయి.

ఇదంతా యంత్రం సంగతి. మనిషి సంగతి ఇంతకంటే పెద్దది.

మగ్గం ముందు కూర్చున్న నేతగాణ్ణి తీయండి. ఎఫ్ 1.4లో ముఖం వస్తుంది, మగ్గం రంగుల మరక అవుతుంది. ఆ ముఖం ఎవరిదైనా కావచ్చు. ఎఫ్ 4 దగ్గర మగ్గం కొంచెం మెత్తబడినా మగ్గంగానే ఉంటుంది, నూలు నూలుగానే ఉంటుంది. నలభై ఏళ్ళు ఆ గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న మనిషి నుంచి ఆ గుంటను వేరుచేసే అధికారం మనకెవరిచ్చారు? కార్టియే-బ్రెసాన్ 1944లో వాన్స్‌లో మాటిస్‌ను తీసిన బొమ్మలో పావురాలూ పంజరాలూ లేకపోతే మిగిలేది ఒక ముసలాయన. ఆయన ఎక్కువగా వాడింది 50 మి.మీ. లెన్సే. మనుషులను వారి చోట్ల నుంచి ఊడబెరకకుండా తీశాడు గనుకనే అవి ఇంకా చూస్తున్నాం.

మన ఇళ్ళలోని పాత ఫొటోలే చూడండి. ముఖాన్ని ఒక క్షణం చూసి, ఆ వెనుక వేళ్ళాడే క్యాలెండరు ఏ ఏడాదిదో చూస్తాం. ఆ రేడియో ఎవరింట్లోదో, ఆ మంచం కోడు ఎవరికి పంపకాల్లో పోయిందో చెప్పుకుంటాం. ఈనాడు మసకకు మొక్కుతూ తీసిన ముఖాలను ముప్పై ఏళ్ళ తర్వాత చూసే పిల్లలకు అందులో ఇల్లు దొరకదు, ఊరు దొరకదు. వాళ్ళ వారసత్వాన్ని మన సరదాకు ఖర్చుపెడుతున్నాం.

నా సలహా చెబుతాను. 0.72 కిటికీ ఉన్న ఎం కెమెరాకు 75 ఎఫ్ 2.5 గాని, 90 ఎఫ్ 2.8 గాని చాలు. ఎం3కి 90 లెన్సే తగినది. దానిలో 75కు గీతలు లేవు. ఆ కెమెరా చూపు పెద్దది గనుక ఎఫ్ 2 లెన్సునూ మొయ్యగలదు. బెస్సా ఆర్2 వంటి వాటికి 75 ఎఫ్ 2.5 దాటి పోవద్దు. సీఎల్‌కు దాని కోసం పుట్టిన ఎఫ్ 4 ఉంది. ఇవన్నీ చిన్నవి, తేలికైనవి, పాతవి వెతికితే భరించదగ్గ ధరకు దొరికేవి. మిగిలిన డబ్బుతో ప్రింట్లు వేయించి, బొమ్మ తీయించుకున్నవారికి తలా ఒకటి ఇవ్వండి.

ఇక సలహాదారులకు నా మనవి ఒక్కటే. ఈసారి ఎవరైనా లెన్సు గురించి అడిగితే ముందు వారి కెమెరా ఏదో అడగండి. తర్వాత ఎవరి ముఖాలు తీస్తారో, ఆ మనుషులు ఎక్కడ కూర్చుని ఉంటారో అడగండి. అపర్చరు అంకె అన్నిటికంటే చివర చెప్పండి.