హుర్మత్: దాటరాని గీత

'హరామ్' అన్న మాట తెలుగునాట అందరూ ఎరిగినదే. దాన్ని తిట్టుగా వాడేవారూ ఉన్నారు. దాని తోబుట్టువైన 'హుర్మత్' మాత్రం అంతగా వినబడదు. మక్కాలోని హరమ్, హజ్ యాత్రికుల ఇహ్రామ్, మన పల్లెల్లో పీర్లు లేచే ముహర్రం మాసం, అన్నీ ఆ ఒక్క అరబీ ధాతువు నుంచి పుట్టినవే. అందులో నిషేధం, పవిత్రత వేర్వేరు కావు. పవిత్రమైనదానిపై చేయి వేయడమే నిషిద్ధం. ఈ భావానికి తెలుగులో 'అనుల్లంఘనీయత' అంటున్నాం. లంఘించడమంటే దూకడం. ఎంత బలవంతుడైనా దూకి దాటరాని గీత అని దాని అర్థం.

ఇస్లాంకు పూర్వమే అరబ్బులు ఏడాదిలో నాలుగు మాసాలు యుద్ధాన్ని నిషేధించుకున్నారు. హిజ్రీ 10వ ఏట, అంటే క్రీ.శ. 632లో, తమ అంతిమ హజ్ సందర్భంగా దైవప్రవక్త ముహమ్మద్ (స) ఆ ఆచారాన్నే కొలమానంగా చూపారు. ఆ దినం, ఆ మాసం, ఆ నగరం ఎంత పవిత్రమో మనుషుల ప్రాణం, ధనం, మానం అంత పవిత్రమని ప్రకటించారు. కాలానికీ స్థలానికీ ఉన్న హుర్మత్ మనిషికి దక్కింది. పరుల గడప కూడా అటువంటిదే. అనుమతి పొంది, సలాం చెప్పి గాని లోనికి అడుగు పెట్టరాదని దివ్య ఖుర్‌ఆన్ 'నూర్' అధ్యాయం బోధిస్తోంది.

మన రాజ్యాంగం 21వ అధికరణ గీసిన గీత కూడా ఇదే. చట్టం నిర్దేశించిన పద్ధతిలో తప్ప ఎవరి ప్రాణాన్నీ స్వేచ్ఛనూ హరించరాదని అది శాసిస్తోంది. అక్కడున్నది 'పౌరుడు' అన్న మాట కాదు, 'వ్యక్తి' అన్న మాట. 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు ఈ గీతను ఇంటి గడప వద్ద మరింత స్పష్టం చేసింది. నేరారోపణ ఉన్నదని ఇల్లు కూల్చడం చెల్లదన్నది. రోడ్డు, ఫుట్‌పాత్ వంటి బహిరంగ స్థలాల ఆక్రమణలను మినహాయించి, కూల్చివేతకు కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని, యజమాని వాదన వినాలని, కూల్చివేతను వీడియో తీయాలని ఆదేశించింది. ఈ ఆదేశాలు ప్రతి బస్తీకీ తెలియాలి.

అయితే గీత ఒకవైపే ఉండదు. మన గడపకు హుర్మత్ కోరే మనం, తండ్రి ఆస్తిలో వాటా అడిగిన ఆడబిడ్డ హక్కుకు అదే హుర్మత్ ఇస్తున్నామా? పొరుగువాని మానాన్ని మన నాలుక నుంచి కాపాడుతున్నామా? ఇతరుల విషయంలో మనం పాటించిన గీతనే, మన విషయంలో పాటించమని పాలకులను గట్టిగా అడగగలం.