బస్సు లోయలో పడితే అది ‘ప్రమాదం’ మాత్రమేనా? కోర్టు నిర్లక్ష్యాన్ని ఎలా తేలుస్తుంది?

2018 సెప్టెంబర్ 11, మంగళవారం. జగిత్యాల జిల్లా కొండగట్టు ఘాట్ రోడ్డు దిగుతున్న ఆర్టీసీ బస్సు లోయలో పడింది. 60 మందికి పైగా చనిపోయారు. అందులో దాదాపు వంద మంది ఉన్నారు, అంటే సీట్లకు దాదాపు రెట్టింపు. ప్రభుత్వం, ఆర్టీసీ ఎక్స్‌గ్రేషియా ప్రకటించాయి.

ఎక్స్‌గ్రేషియా అంటే సాయం. అది తప్పు ఒప్పుకోవడం కాదు. తప్పు ఎవరిదో తేల్చి నష్టపరిహారం ఇప్పించేది కోర్టు. ఇలాంటి కేసుల్లో కోర్టు ఏం చూస్తుందో తెలిస్తే, రేపు మీ ఇంటివాళ్లకు అవసరం పడినప్పుడు ఏం అడగాలో తెలుస్తుంది. ఇక్కడ కొండగట్టును ఉదాహరణగానే తీసుకుంటున్నాం, తీర్పు చెప్పడం లేదు.

కోర్టు చూసే నాలుగు విషయాలు

ఒకటి, ఇలా జరగొచ్చని ముందే ఊహించే వీలుందా? రెండు, జరిగితే నష్టం ఎంత తీవ్రం? మూడు, ఆపడానికి ఎంత ఖర్చు, ఎంత శ్రమ అవుతుంది? నాలుగు, ఆ పని వల్ల జనానికి ఉపయోగం ఎంత? మొదటి రెండూ పెద్దవై, మూడోది చిన్నదైతే ‘మా తప్పు లేదు’ అన్న వాదన నిలబడదు.

ఇది ఎటూ మొగ్గవచ్చు. ఇంగ్లండ్‌లో క్రికెట్ బంతి కంచె దాటి వెళ్లి రోడ్డు మీద నిలబడిన మహిళకు తగిలింది. సుమారు 30 ఏళ్లలో అలా బంతి బయటపడింది ఆరేడు సార్లే కాబట్టి క్లబ్బు తప్పు లేదని 1951లో తీర్పు వచ్చింది. దాదాపు అదే కాలంలో మరో కేసులో, ఒక కన్ను ముందే పోయిన గ్యారేజీ కార్మికుడికి రక్షణ కళ్లద్దాలు ఇవ్వకపోవడాన్ని కోర్టు తప్పుపట్టింది. రెండో కన్ను కూడా పోతే ఆయనకు చూపే ఉండదు. కళ్లద్దాల ఖర్చు దాని ముందు ఎంత?

మన సుప్రీంకోర్టు ఏం చెప్పింది?

ఢిల్లీ చాందినీ చౌక్‌లో గడియార స్తంభం కూలి కొందరు చనిపోయారు. లోపం బయటికి కనిపించలేదని మున్సిపల్ కార్పొరేషన్ వాదించింది. కట్టడం వయసు 80 ఏళ్లు, అందులో వాడిన మసాలా నిలిచేది 40-45 ఏళ్లే. అలాంటప్పుడు ఎప్పటికప్పుడు తనిఖీ చేయించాల్సిందేనని 1966లో కోర్టు తేల్చింది.

తమిళనాడులో కల్వర్టు కుంగి బస్సు పడిపోయిన కేసులో భారీ వర్షమే కారణమని హైవేస్ శాఖ చెప్పింది. అది సరిపోదని, వాన వస్తుందని ఊహించి జాగ్రత్త తీసుకోవాల్సిందని 1987లో కోర్టు అంది.

కానీ రాజ్‌కోట్‌లో రోడ్డు పక్క చెట్టు విరిగిపడి ఒకరు చనిపోయిన కేసులో, 1997లో కార్పొరేషన్‌కు అనుకూలంగా తీర్పు వచ్చింది. అంటే ప్రమాదం జరిగిందన్నంత మాత్రాన కేసు గెలవరు.

కరెంటు తీగల విషయం వేరు. మధ్యప్రదేశ్‌లో తెగిపడిన తీగ తగిలి ఒకరు చనిపోతే, ఎవరో కరెంటు దొంగిలించబోయారని విద్యుత్ బోర్డు వాదించింది. అంత ప్రమాదకరమైన పని చేసే సంస్థ ‘జాగ్రత్తలు తీసుకున్నాం’ అని చెప్పి తప్పించుకోలేదని 2002లో కోర్టు స్పష్టం చేసింది.

కొండగట్టుకు అన్వయిస్తే

మంగళవారం ఆంజనేయస్వామి గుడికి రద్దీ ఉంటుందని ఈ ప్రాంతంలో అందరికీ తెలుసు. ఘాట్‌లో బరువెక్కిన బస్సు అదుపు తప్పితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఆపే మార్గాలు చూస్తే అదనపు ట్రిప్పు, ఎక్కేవాళ్ల సంఖ్యపై పరిమితి, బ్రేకుల తనిఖీ, మలుపుల దగ్గర గట్టి రక్షణ గోడ. ఒక్క గోడ తప్ప మిగతావి పెద్ద ఖర్చు కాదు.

‘ఎక్కించుకోకపోతే పల్లె జనం ఎలా వెళ్తారు?’ అన్నది ఆర్టీసీ వైపు నుంచి రాగల బలమైన వాదన. నాలుగో ప్రశ్న కింద కోర్టు దాన్నీ చూస్తుంది. కానీ ఆ అవసరం ఇంకో బస్సు వేయమని చెబుతుంది, ఉన్న బస్సునే కిక్కిరిసి నింపమని కాదు.

‘కిక్కిరిసిన బస్సు ఎందుకెక్కారు?’

ఈ మాటకు బాధితులు వెనక్కి తగ్గనవసరం లేదు. బైక్ మీద ముగ్గురు వెళ్లిన కేసులో 2020లో సుప్రీంకోర్టు ఒక సూత్రం చెప్పింది. ముగ్గురు ఎక్కడం నిబంధన ఉల్లంఘనే. అయినా ప్రమాదానికో, గాయాల తీవ్రతకో అదే కారణమని రుజువు కాకపోతే పరిహారం తగ్గించకూడదు.

రోడ్డు బాగాలేకపోతే?

2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 198ఎ సెక్షన్ వచ్చింది. కొండగట్టు నాటికి ఇది లేదు. రోడ్డు డిజైన్, నిర్మాణం, నిర్వహణలో ప్రమాణాలు పాటించక మరణమో వైకల్యమో సంభవిస్తే అధికార సంస్థకు, కాంట్రాక్టర్‌కు లక్ష రూపాయల వరకు జరిమానా పడుతుంది. అది నేరుగా బాధితుల చేతికి రాదు. ఆ రోడ్డు స్వభావం, తిరిగే వాహనాలు, లోపం సంస్థకు తెలుసా లేదా తెలిసి ఉండాల్సిందా, హెచ్చరిక బోర్డు పెట్టారా అన్నవి కోర్టు చూడాలని చట్టమే చెబుతోంది. నిర్మల్ మహబూబ్ ఘాట్, ఆసిఫాబాద్ వైపు కెరమెరి ఘాట్ లాంటి చోట్ల ఈ ప్రశ్నలే వర్తిస్తాయి.

మీరు చేయాల్సింది

• ప్రమాదకరమైన మలుపు, కుంగిన కల్వర్టు, వేలాడే తీగ కనిపిస్తే ఫొటో, తేదీతో రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి రసీదు తీసుకోండి. ‘మాకు తెలియదు’ అన్న జవాబుకు ఆ రసీదే అడ్డుకట్ట.

• ప్రమాదం జరిగితే ఎఫ్‌ఐఆర్ కాపీ, టికెట్, ఆసుపత్రి బిల్లులు, మృతుల ఆదాయానికి ఆధారాలు దాచండి. ఎంతమందిని ఎక్కించారో, బస్సుకు తనిఖీ ఎప్పుడైందో ఆర్టీఐ కింద అడగండి.

• మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రైబ్యునల్‌లో 166 సెక్షన్ కింద దరఖాస్తు చేయండి. ప్రమాదం జరిగిన చోటే కాదు, మీరు నివసించే ప్రాంతంలోనూ వేయవచ్చు. క్రిమినల్ కేసులో లాగా సందేహానికి తావులేని రుజువు అక్కర్లేదు, ఎవరి వాదన ఎక్కువ నమ్మదగ్గదో చూస్తారు.

• చట్టంలో గడువు ఆరు నెలలు. దానిపై సుప్రీంకోర్టులో సవాలు ఉన్నా, దాన్ని నమ్ముకుని ఆగవద్దు. ఎక్స్‌గ్రేషియా అందుకున్నా ఈ క్లెయిమ్ వేసే హక్కు మీకు ఉంటుంది.