ఆంగ్ల విలాపకావ్యములు – మన పల్లెల శోకములు



ఆంగ్ల కవులు ప్రేమను ఎంత విరివిగా పాడిరో వియోగమును గూడ అంత విరివిగా పాడిరి. మన పాఠశాలలలో ఆ పద్యములను బోధించునపుడు కఠినపదములకు అర్థములను, అలంకారముల పేర్లను చెప్పి ముగించుట వాడుకయైనది. పరీక్షకు అంతమాత్రము చాలును. కాని మృతులను గూర్చిన పద్యము ఉత్తమమైనదో కాదో తెలియుటకు వేఱొక ప్రశ్న వేయవలెనని నా అభిప్రాయము. ఈ కవి పోయినవారిని చూచుచున్నాడా, లేక తన దుఃఖమునే చూచుకొనుచున్నాడా?

1637లో ఎడ్వర్డు కింగు అను సహాధ్యాయి సముద్రమున మునిగి మరణింపగా మిల్టను మహాకవి ‘లిసిడాసు’ను రచించెను. అందు తానును మిత్రుడును గొఱ్ఱెల కాపరులైనట్లు కల్పించెను. శబ్దమాధుర్యమున దానికి సాటి అరుదు. అయినను నిజమైన దుఃఖమునకు ఇట్టి కల్పనలు చేయు తీరిక యుండదని తరువాతి శతాబ్దపు విమర్శకుడగు శామ్యూల్ జాన్సను ఆక్షేపించెను. ఆ మాటలో న్యాయము లేకపోలేదు. కావ్యమంతయు చదివినను కింగు ఎట్టి మనుష్యుడో మనకు తెలియదు. మిల్టనుకంటె పూర్వుడగు బెన్ జాన్సను, 1603లో ప్లేగువలన మరణించిన తన కుమారుని గూర్చి వ్రాసినవి పండ్రెండు పంక్తులే. అందు బిడ్డ వయస్సు ఏడేండ్లని యున్నది. వాని పేరునకు గల అర్థమున్నది. తండ్రి వానిపై పెట్టుకొన్న ఆశ యున్నది. చదివినవానికి ఒక బాలుడు కన్నులయెదుట నిలుచును.

టెన్నిసను మిత్రుడగు ఆర్థరు హాలము 1833లో వియన్నా నగరమున అకస్మాత్తుగా చనిపోయెను. ఆతని గూర్చిన ‘ఇన్ మెమోరియమ్’ ప్రకటింపబడినది 1850లో. కర్మదినములతో ప్రేమ ముగియదనుటకు ఈ పదునేడేండ్లే సాక్ష్యము. 1912లో భార్య మరణించిన పిమ్మట థామసు హార్డీ వ్రాసిన పద్యములు ఇంకొక పాఠము చెప్పుచున్నవి. ఒకే యింట నుండియు మనసులు దూరమైన సంవత్సరములను ఆతడు దాచలేదు. చనిపోయినవారిని దేవతలుగా దిద్దుటకంటె, ఉన్నవారిని ఉన్నట్లు తలంచుటయే గొప్ప గౌరవము.

తెలుగున నిట్టి కావ్యములు లేవని యెవ్వరును తలపరాదు. విశ్వనాథ సత్యనారాయణగారు గతించిన ధర్మపత్ని గూర్చి ‘వరలక్ష్మీ త్రిశతి’ని, నాయని సుబ్బారావుగారు తల్లిని గూర్చి ‘మాతృగీతములు’ను వ్రాసిరి. జాషువాగారి ‘స్మశానవాటి’ పద్యములు హరిశ్చంద్ర నాటకపు కాటిసీనులో చేరి, అక్షరములు రానివారి నోటను నిలిచినవి. 1751లో ప్రకటితమైన గ్రే కవి శ్మశానగీతమును మనము బోధించునపుడు, వీనిని ప్రక్కన పెట్టి చదివించుట ఎంతయు యుక్తము.

అంతకంటెను దగ్గఱనున్న కవిత్వమొకటి గలదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల పల్లెలలో మరణము సంభవించిన యింట స్త్రీలు శోకములు పెట్టి యేడ్తురు. అది వట్టి రోదనము కాదు. దానికి లయ యున్నది, వరుస యున్నది. పోయినవానిని కొడుకా యనియో, తండ్రీ యనియో సంబోధించి, ఆతడు దున్నిన చెలకను, ఇష్టముగా తిన్న కూడును, పెట్టిన మాటను, తీర్చక పోయిన కోరికను ఒక్కొక్కటిగా ఎన్నుదురు. నేను మొదట వేసిన ప్రశ్నకు ఈ నిరక్షరాస్యలగు తల్లులు మిల్టనుకంటె సూటిగా ప్రత్యుత్తర మిచ్చుచున్నారు. చదువుకొన్న మనమో, నలుగురు నవ్వుదురని వారిని ఊరకుండుమందుము.

దుఃఖమును బయట పెట్టుట అవిశ్వాసమని కొందఱందురు. సౌలు, యోనాతానులు కూలినపుడు దావీదు విలాపగీతము పాడి, దానిని ప్రజలకు నేర్పింపుమని ఆజ్ఞాపించినట్లు సమూయేలు రెండవ గ్రంథమున నున్నది. నేర్పదగినదిగా ఆతడు తలంచినదానిని మనము సిగ్గుపడదగినదిగా ఎంచనేల? పరుల దుఃఖమును తరగతిలోనికి తెచ్చుట తగదని మఱికొందఱందురు. ఆ భయము సకారణమే. కావున మరణించిన యింట కాగితము పట్టుకొని కూర్చుండరాదు. కొంతకాలము గడచిన పిదప, అవ్వ యొద్ద కూర్చుండి, ఆమె ఇష్టపడినచో మాత్రమే అడిగి వ్రాసికొనవలెను. ఆమె వలదన్నది వ్రాయరాదు.

ప్రతి తరగతిలోను తల్లినో తండ్రినో కోల్పోయిన బిడ్డ లుందురు. టెన్నిసను పద్యమున ఉపమాలంకార మెక్కడ నున్నదని మాత్రమే వారి నడిగినచో, కవిత్వము పరదేశపు వస్తువని వారు తలంతురు. తమ యవ్వ శోకమును దాని సరసన చదివినచో, ఆ కవియు తమవలెనే ఒకరిని పోగొట్టుకొన్నవాడని గ్రహింతురు. ఉపాధ్యాయ సోదరులు ఈ యేడు ఒక్క గంటయైనను ఇందుకు కేటాయింతురు గాక. ఆ శోకములు తెలిసిన తల్లులు ఒక్కొక్కరుగా వెడలిపోవుచున్నారు. వారితో వారి పాటయు పోవుచున్నది.