చద్దన్నం ఎవరి కంచంలో?

"నట్టో అంటే ఏందక్కా? జపానోళ్లు పొద్దున్నే తింటారంట, గుండెకు మంచిదంట. మన కంభంలో దొరుకుద్దా?" అని మా వీధిలో ఒకమ్మాయి అడిగింది. దొరకదు. ఒంగోలులో దొరుకుతుందన్న నమ్మకం కూడా నాకు లేదు. పెద్ద నగరాల్లో ఫ్రీజరు పెట్టెల్లో అమ్ముతారు, దాని ధరకు మనింట్లో వారం రోజుల కూరగాయలొస్తాయి. అయినా ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న మంచిదే. పులిసిన తిండి మీద చదువుకున్న ఇళ్లల్లో మళ్లీ మోజు పుడుతోంది. ఆ మోజు ఎవరికి మేలు చేస్తుందో మనం కాస్త ఆలోచించాలి.

ముందు నట్టో సంగతి. సోయాగింజలు నానబెట్టి, మెత్తగా ఉడికించి, ఒకరకం బాక్టీరియా కలిపి సుమారు 40 డిగ్రీల వెచ్చదనంలో ఒక రోజు ఉంచుతారు. వెనకటి రోజుల్లో వరిగడ్డిలో చుట్టి పెట్టేవాళ్లు, ఆ గడ్డిలోనే ఈ బాక్టీరియా ఉంటుంది. తయారయ్యాక గింజలు జిగురుగా తీగలు సాగుతాయి. వాసనకు కొత్తవాళ్లు ముక్కు మూసుకోవాల్సిందే. జపానులోనే పడమటి వైపు వాళ్లు కొందరు దాన్ని దగ్గరికి రానివ్వరట! వేడి అన్నం మీద వేసుకుని, సోయా సాస్, ఆవముద్ద కలిపి తింటారు. ఒక చిన్న డబ్బాలో సుమారు 7 గ్రాముల మాంసకృత్తులుంటాయి, అంటే ఒక కోడిగుడ్డుకు సమానం. రక్తం గడ్డకట్టడానికి, ఎముకలకు కావలసిన కె2 విటమిన్ ఇంత ఎక్కువగా ఉన్న తిండి మరొకటి లేదంటారు.

జపానులో 90 వేల మందికి పైగా స్త్రీ పురుషులను దాదాపు 15 ఏళ్లు గమనించిన ఒక పరిశోధన 2020లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. పులియబెట్టిన సోయా ఎక్కువగా తినేవాళ్లలో మరణాలు నూటికి పది వంతున తక్కువగా కనిపించాయి. అయితే అలా తినేవాళ్లకు మిగతా మంచి అలవాట్లు కూడా ఉండొచ్చు. కాబట్టి అంతా నట్టో మహిమేనని ఆ పరిశోధకులు కూడా అనలేదు. 1987లో హిరోయుకి సుమి అనే ఆయన, ఇంకొందరు కలిసి నట్టోలో రక్తపు గడ్డను కరిగించే ఎంజైమ్ ఉందని రాశారు. దాన్ని పట్టుకుని ఇప్పుడు మాత్రలు అమ్ముతున్నారు. ప్రయోగశాలలో కరగడం వేరు, మన ఒంట్లో కరగడం వేరు. ఇంట్లో ఎవరైనా గుండె కవాటం మార్పించుకుని రక్తం పలచబడే వార్ఫరిన్ మాత్ర వేసుకుంటుంటే, నట్టో ముట్టకూడదు. ఆ కె2 విటమిన్ మందును పనిచేయనివ్వదు.

ఇలాంటి పులిసిన సోయా మన దేశంలోనూ ఉంది. సిక్కిం, డార్జిలింగ్ వైపు కినెమా, మణిపూర్‌లో హవాయిజార్, నాగాలాండ్‌లో అఖుని. అక్కడివాళ్లు తరతరాలుగా తింటున్నారు, వాళ్లకు మాత్రం పేరు రాలేదు.

మనకు సోయా పంట లేదు. మన చెరువు కింద వరి, మెట్టన సజ్జ, జొన్న, కంది. అందుకని మన పులుపు అన్నంలోకి, గంజిలోకి వచ్చింది. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లో పలచటి మజ్జిగో పోసి పెడితే పొద్దుటికి చద్దన్నం. వార్చిన గంజిని కుండలో పోసి పులియబెడితే తరవాణి. పొద్దున్నే ఎర్రగడ్డ, పచ్చిమిరపకాయ నంజుకుని తింటే మధ్యాహ్నం దాకా ఆకలి తెలిసేది కాదు. ఒడిశాలో పఖాళ పేరుతో దీనికి ఏటా మార్చి 20న పండగే చేస్తున్నారు.

కానీ ఒక మాట. నట్టో మీద జరిగిన పరిశోధనలన్నీ తెచ్చి చద్దన్నానికి అంటగట్టకూడదు. అక్కడ పనిచేసేది ఒక బాక్టీరియా, ఇక్కడ మన పెరుగును తోడుపెట్టే జాతి. నట్టోలో మాంసకృత్తులుంటాయి, చద్దన్నం ఎంత పులిసినా అన్నమే. పులవడం వల్ల తేలిగ్గా అరుగుతుంది, పేగులకు మంచి చేసే సూక్ష్మజీవులు అందుతాయి, గింజలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వని ఫైటిక్ ఆమ్లం కొంత తగ్గుతుంది. అంతవరకు నిజం. కానీ పాలిష్ పట్టిన బియ్యంలో ఇనుమెంత ఉంటుంది గనక!

నేను ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం ఉంది. జపానులో నట్టో అందరి కంచాల్లోకీ వస్తుంది, తండ్రికీ పిల్లలకూ కూడా. మనింట్లో చద్దన్నం ఎవరు తిన్నారు? పోతన భాగవతంలో కృష్ణుడు గోపబాలుర మధ్య కూర్చుని చల్దులారగించాడు గానీ, మన వంటిళ్లల్లో మాత్రం మగవాళ్లకు వేడి అన్నం, పిల్లలకు ఇడ్లీ, రాత్రి మిగిలింది కోడలికి. మిరప కోతలకు ఆటోలెక్కి పోయే ఆడవాళ్ల క్యారేజీల్లో సద్ది, ఊరగాయ బద్ద. అది ఆరోగ్యం కోసం తిన్న తిండి కాదు, వృథా చెయ్యలేక తిన్నది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత ఉంది. చద్దన్నం ఒక్కటే రక్తం పట్టిస్తే ఈ లెక్క ఇలా ఉండేదా?

ఇప్పుడేమో "మీ అమ్మమ్మ తిన్నది అమృతం" అంటున్నారు. అమృతమే అనుకుందాం. మరి అందరూ తినాలి కదా! ఆ పొగడ్త విని మనం మళ్లీ మిగిలిందాంతో సరిపెట్టుకుంటే, పాత అన్యాయానికి కొత్త పేరు పెట్టినట్టే.

కాబట్టి చద్దన్నం మానమని కాదు, ఒంటరిగా తినొద్దంటాను. పక్కన ఉడకబెట్టిన అలసందలో, ఉలవగుగ్గిళ్లో, గుడ్డో ఉండాలి. కాస్త ఆకుకూర, నిమ్మచెక్క ఉంటే ఇనుము వంటికి పడుతుంది. ఊరగాయ తగ్గించాలి, రక్తపోటున్నవాళ్లు మరీను. చక్కెర జబ్బున్నవాళ్లకు పులిసినా అన్నం అన్నమే, కొలత తప్పకూడదు.

ఎండాకాలం జాగ్రత్త కూడా అవసరం. వండిన అన్నాన్ని మన ఎండల్లో ఊరికే గంటల తరబడి వదిలేస్తే వాంతులు, విరేచనాలు తెప్పించే క్రిములు పెరుగుతాయి. తర్వాత వేడి చేసినా వాటి విషం పోదు. అందుకని చల్లారగానే మజ్జిగ కలిపి మూతపెట్టాలి, పొద్దున్నే తినెయ్యాలి. నట్టోకు జిగురు అందం, చద్దన్నానికి జిగురొస్తే మాత్రం పారబొయ్యడమే. నానబెట్టే నీళ్లు కూడా తాగే నీళ్లే కావాలి. మన పడమటి మండలాల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి ఎవరికి తెలియదు? మరిగించినా అది పోదు.

ఈ ఆదివారం రాత్రి కావాలనే ఒక గ్లాసు బియ్యం ఎక్కువ వెయ్యండి. పొద్దున్నే ఆయన కంచంలో, పిల్లల కంచాల్లో, అత్తగారి కంచంలో కూడా చద్దన్నమే వడ్డించండి, ఉలవగుగ్గిళ్లు పెట్టి మరీ. "నాకొద్దు, వేడిగా ఏదైనా చేసి పెట్టు" అని ఎవరైనా అంటే చేసి పెట్టండి, మీకు కూడా కలిపి.